ఆరో కట్టలో పాడిన లెక్క

నమోదు 7214. శుద్ధ చతుర్దశి.

పొద్దున్నే మడుగు నీళ్ళు రుచి చూశాను. తియ్యగానే ఉన్నాయి. ఉప్పు కొలతలో ఒక గీత. సముద్రాన్ని ఆపే మా ఆరో కట్ట గేట్లు పద్నాలుగూ వేళకే మూసుకున్నాయి, వేళకే తెరుచుకున్నాయి. కరెంటిచ్చే ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. మూడో పలక మీద మళ్ళీ కొంగ రెట్ట. ఆ కొంగకి నా మీద ఏదో కక్ష ఉంది.

ఇవాళ పెద్ద పని వేషం మార్చడం. అది ఉండే పాత బిళ్ళ అరిగిపోయి నెల్లాళ్ళుగా మధ్యమధ్యలో ఆగుతోంది. కొత్తది తేవడానికి మూలశాలకి వెళ్ళిన ఓలేటి సూరిబాబు ఇవాళ పొద్దున్నే వచ్చి పడవ కట్టాడు. మూలశాల అంటే కొండల మీద అసలు ప్రతులు దాచే చోటు. వెళ్ళి రావడానికి పదకొండు రోజులు పడుతుంది. ఇతను ఎనిమిదో రోజుకే దిగిపోయాడు.

"ఏరా, ఇంత తొందరగా ఎలా వచ్చావు?" అని అడిగాను.

"గాలి కలిసొచ్చిందక్కా," అన్నాడు.

గాలి వారం నుంచి ఎదురు కొడుతోంది. రోజూ గాలి సంగతి ఈ పుస్తకంలో రాసేదాన్ని నేనే. వెనక్కి తిప్పి చూసుకున్నాను కూడా. మనసులో పెట్టుకున్నాను.

నా తర్వాత ఈ పుస్తకం రాసేవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా గేట్ల ప్రోగ్రాం రాసినవాళ్ళు పోయి నూట ఇరవై ఏళ్ళయింది. ఏ కంప్యూటరు కోసం రాశారో అది ఎప్పుడో తుప్పయి పోయింది. ప్రోగ్రాం మాత్రం మిగిలింది. దానికి కొత్త మిషన్లు గిట్టవు. అందుకని కొత్త మిషనుకి పాత మిషను వేషం కడతాం. పెద్ద చదువులవాళ్ళు ఎమ్యులేటర్ అంటారు, మాకు వేషమే. వేషం కుదిరితే ప్రోగ్రాం తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుని పని చేసుకుపోతుంది. కుదరకపోయినా అలాగే అనుకుని పని చేసుకుపోతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఏడో కట్టవాళ్ళు సంతలో దొరికిన దొంగ వేషం పెట్టుకున్నారు. ఇప్పుడు ఏడో కట్ట ఉన్నచోట నీళ్ళలో గుంజలు కనిపిస్తాయి, అంతే.

అందుకే మాకు లెక్క పాడే ఆనవాయితీ ఉంది. ప్రతి వేషానికీ అరవై నాలుగు అక్షరాల లెక్క ఒకటి ఉంటుంది. బిళ్ళలో ఆవగింజంత తేడా వచ్చినా ఆ లెక్క మొత్తం మారిపోతుంది. బిళ్ళని ముందు చేతి మిషనులో పెట్టి, దాని తెర మీద కనిపించే లెక్కని ఒకరు పైకి చదవాలి. మూలశాల పంపిన కాగితం పట్టుకుని ఇంకో ఇంటివాళ్ళు సరిచూడాలి. చదివేది నేను, సరిచూసేది జుబేదా. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే వేషం, కాబట్టి అదే లెక్క. మా అమ్మ దాన్ని వల లాగే పాట బాణీలో పాడేది. నేనూ అంతే. "ఏడు క రెండు రెండు ఘ, సున్నా చ ఐదు తొమ్మిది క" అని నేను ఎత్తుకుంటే చాలు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూడా అందుకుంటారు. బిళ్ళ మార్చిన రోజు కట్టలో అందరిళ్ళలోనూ చేపల పులుసే.

ఇవాళ పంపుగది ముందు నూరు మంది దాకా చేరారు. పాడుతున్నంతసేపూ నేను సూరిబాబు మొహం మీంచి కళ్ళు తీయలేదు. దొంగ సరుకు తెచ్చినవాడు ఎక్కడో ఒక అక్షరం దగ్గర దొరికిపోతాడని నా నమ్మకం. నలభయ్యో అక్షరం దగ్గర అతను గుటక వేశాడు. పెదాలు తడుపుకున్నాడు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

అరవై నాలుగూ కలిశాయి. జుబేదా "సరి" అంది. బిళ్ళ లోపలికి తోశాను. బిళ్ళ వెళ్ళిన ప్రతిసారీ సాకెట్టు పక్కనున్న చిన్న చక్రం ఒక అంకె తిరుగుతుంది. 411 కాస్తా 412 అయింది. మూత పెట్టి మరలు బిగించాను. పాత బిళ్ళని ఎప్పటిలాగే సముద్రంలో కలిపేశాం. సూరిబాబు పంపుగదిలోనే ఓ మూల కూర్చుని మూడుసార్లు అన్నం వడ్డించుకుని తిని, పొద్దు వాలేదాకా అక్కడే నిద్రపోయాడు. తన ఇల్లు నాలుగు అడుగుల దూరంలో ఉంది. అక్కడెందుకు పడుకున్నట్టు?

నమోదు 7216. బహుళ పాడ్యమి.

పోటుకి మూసుకోవాల్సిన గేట్లు ఆరు నిమిషాలు ఆలస్యంగా మూసుకున్నాయి.

ముందు నా గడియారాన్ని అనుమానించాను. మధ్యాహ్నం నీడకర్ర దగ్గర నిలబడి సరిచూశాను. గడియారం నిక్షేపంగా ఉంది. గేట్లకి నీటి మట్టం చెప్పే తేలుడు బుర్రలు నా చిన్నప్పుడే పాడైపోయాయి. ఇప్పుడు ప్రోగ్రాం గుణించే వేళలే దిక్కు. ఆ వేళలు వెనక్కి జరుగుతున్నాయంటే వేషం లోపలి గడియారం నెమ్మదిగా నడుస్తోందన్నమాట.

ఒక్కరోజు ఆగి చూద్దామనుకున్నాను. గేటు దగ్గర కాపలా ఉన్నవాళ్ళకి ఏమీ చెప్పలేదు. ఎవరు ఏం దాస్తున్నారో తెలియనప్పుడు మన నోరు మనం కట్టుకోవడం మంచిది.

నమోదు 7218. బహుళ తదియ.

పన్నెండు నిమిషాలు. అంటే రోజుకి మూడేసి పెరుగుతోంది. మడుగులో ఉప్పు రెండు గీతలు. అమావాస్య నాటికి నలభై ఎనిమిది నిమిషాలు అవుతుంది. అమావాస్య పోటు అంటే ఆషామాషీ కాదు. అంతసేపు గేట్లు తెరిచి ఉంటే మడుగు ఒక్కపూటలో సముద్రమైపోతుంది. తొమ్మిది వందల మంది తాగే నీళ్ళవి.

జుబేదాకి చెప్పాను. ఆమె పీతల బుట్ట అల్లుతోంది. చెయ్యి ఆపలేదు.

"లెక్క కలిసింది గదా వొదినా. నేను కాయితం మీద ఏలెట్టి ఒక్కో అచ్చరం సూసేను."

"అదే నేనూ అంటున్నాను. లోపలికి వెళ్ళేటప్పుడు అది అసలు వేషమే. మరి ఇప్పుడు అది అసలుది కాదు. దీని అర్థమేంటి?"

"ఏటి?"

"ఎవరో తర్వాత మార్చారు."

పంపుగది తాళంచెవి నా బొడ్లోనే ఉంటుంది. బిళ్ళ పెట్టిన దగ్గర్నించీ ఆ గదిలో నేను లేకుండా ఉన్నది ఒక్కడే. కడుపునిండా తిని పడుకున్నవాడు. ఆ పూట నేను రెండు గంటలు గేట్ల దగ్గర ఉన్నాను. మరలు విప్పడానికి రెండు గంటలు అక్కర్లేదు, ఒక చెంచా చాలు.

మూత విప్పి చూడొచ్చు కదా అని జుబేదా అంది. మూత విప్పితే మిషను ఆగుతుంది. మిషను ఆగితే గేట్లు చేత్తో తిప్పాలి. గేటుకి ముగ్గురు చొప్పున, పూటకి నలభై రెండు మంది. అది కట్ట పెద్ద చెప్పందే జరగదు.

నమోదు 7221. బహుళ షష్ఠి.

ఇరవై ఒక్క నిమిషాలు.

కట్ట పెద్ద పెసింగి తాతారావు బాబాయిని తీసుకుని సూరిబాబు పడవ వెతికాను. అతను అడ్డు చెప్పలేదు. వల మడతలు తానే ఎత్తి చూపించాడు. మరీ అంత మర్యాద నాకు నచ్చలేదు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికాను. గుడ్డలో చుట్టి, ఒక బిళ్ళ.

తాతారావు బాబాయ్ దాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. "ఇదేంట్రా?"

సూరిబాబు మొహం పాలిపోయింది. "ఆటండి బాబాయ్‌గారూ. పాత ఆటల మిషనుకి వేషం. పాప ఎప్పణ్ణించో అడుగుతుందండి. ఎల్లేటప్పుడు సంతలో నా దుప్పటి ఇచ్చి తీసుకున్నాను."

మూలశాల పడవలో మనం తెమ్మన్న బిళ్ళ తప్ప ఇంకే బిళ్ళా ఉండకూడదు. ఈ నియమం సూరిబాబు పుట్టకముందు నుంచీ ఉంది. పైగా సంతలో ఆగాడట. ఆగి కూడా ఎనిమిది రోజులకే వచ్చాడట.

బిళ్ళని నా చేతి మిషనులో పెట్టి చూశాం. తెర మీద ఒక చిన్న పడవ, చేపల్ని ఏరుకుంటూ అటూ ఇటూ తిరిగింది. తాతారావు బాబాయ్ రెండు చేపలు పట్టాడు కూడా. సూరిబాబు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆట అయితే బియ్యంలో ఎందుకు దాచావు?" అన్నాను.

"నువ్వు సూత్తావనక్కా," అన్నాడు.

అది జవాబు కాదు. ఒక వేషాన్ని దొంగతనంగా తెచ్చినవాడు రెండోదాన్ని తేడని ఏముంది?

నమోదు 7223. బహుళ అష్టమి.

ఇరవై ఏడు నిమిషాలు, ఉప్పు మూడు గీతలు. పిల్లలు నీళ్ళు తాగి మొహం చిట్లిస్తున్నారు. వార్త కట్టంతా పాకింది. నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా నాలుకలే చెప్పాయి.

జుబేదా ఇవాళ ఒక మాట అంది. "సరే, అసలుది తీసి దొంగది పెట్టేడనుకో. మరి ఆ అసలుది ఏం సేసేడు? పడవలో లేదు, ఇంట్లో లేదు."

"సంతలో అమ్ముకుంటాడు. అసలు వేషానికి అక్కడ విలువ ఎక్కువ."

"వొచ్చిన కాణ్ణుంచి పడవ కదల్లేదు గదా వొదినా. ఎప్పుడు ఎల్లేడు సంతకి?"

ఈ ప్రశ్న కూడా రాసి పెట్టుకుంటున్నాను. జుబేదా అతన్ని ఎందుకు వెనకేసుకొస్తోందో కూడా ఆలోచించాల్సిందే. పాతికేళ్ళుగా నా పక్కన నిలబడిన మనిషి మీద ఇలా రాయడం నాకూ బాగోలేదు. కానీ ఈ పుస్తకంలో రాసింది కొట్టేయకూడదు.

నమోదు 7226. బహుళ ఏకాదశి.

ముప్పై ఆరు నిమిషాలు.

కట్ట మీద మీటింగు పెట్టారు. నేను పుస్తకం తెరిచి అన్నీ చదివాను. ఎదురుగాలి, ఎనిమిది రోజులు, నలభయ్యో అక్షరం దగ్గర గుటక, పంపుగదిలో నిద్ర, బియ్యంలో బిళ్ళ. ఒక్కొక్కటీ చదువుతుంటే జనం సూరిబాబుకి కొంచెం కొంచెం దూరం జరిగారు. చివరికి అతని చుట్టూ పడవ పట్టేంత ఖాళీ మిగిలింది.

"నేను తెచ్చింది మంచిదేనని మీరే పాడేరు గదండీ," అన్నాడు అతను. "అరవై నాలుగూ కలిసినియ్యన్నారు. లోన నేనేం ముట్టుకోలేదండి. తిని తొంగున్నాను, అంతే."

"నీ ఇంట్లో ఎందుకు తొంగోలేదు?" అని ఎవరో అరిచారు.

"కూకున్నకాడే కన్నంటుకుపోయిందండి."

జనం నవ్వారు. అందులో నేనూ ఉన్నాను.

దొంగ వేషం కట్టలోకి తెచ్చినవాడికి నీళ్ళు ఆపాలి. అది మా నియమాల్లో మొదటిది. నీళ్ళు ఆపడమంటే మూడు రోజులకి సరిపడా డబ్బా ఒకటిచ్చి, పడవ మీది జెండా దించి గేటు బయటికి పంపేయడం. జెండా లేని పడవకి ఏ కట్టలోనూ చుక్క నీరు పుట్టదు. ఈ సంగతి చేతులెత్తే ప్రతి ఒక్కరికీ తెలుసు. తాతారావు బాబాయ్ ఒప్పుకున్నవాళ్ళు చెయ్యి ఎత్తండన్నాడు. అందరికంటే ముందు లేచింది నా చెయ్యి. తర్వాతవి లెక్కపెట్టాల్సిన పనే లేకపోయింది. జుబేదా చెయ్యి కూడా లేచింది, భుజం దాకా.

అతని భార్యా కూతురూ కట్ట లోపలే ఉండిపోయారు. సూరిబాబు ఎక్కడికీ వెళ్ళలేదు. ఇసకదిబ్బ పక్కన లంగరు వేశాడు. మాకు కనబడేంత దూరంలోనే.

దొంగ వెళ్ళిపోవాలి గానీ అక్కడే ఎందుకు కూర్చున్నట్టు?

నమోదు 7229. బహుళ చతుర్దశి.

రేపే అమావాస్య. మిషను ఆపి గేట్లు చేత్తో తిప్పాలని తాతారావు బాబాయ్ చెప్పాడు. పొద్దున్నే నేను, జుబేదా పంపుగదిలోకి వెళ్ళాం. మూలశాలకి ఫిర్యాదు రాయాలి. ఆ కాగితంలో రెండు గడులు ఉంటాయి. తీసిన బిళ్ళ లెక్క అరవై నాలుగు అక్షరాలూ చేత్తో రాయాలి. సాకెట్టు చక్రం మీది అంకె వేయాలి.

మిషను ఆపి మూత విప్పాను. చక్రం మీద 412 ఉంది.

పుస్తకం వెనక్కి తిప్పి శుద్ధ చతుర్దశి నాటి నమోదు తీశాను. నా చేతిరాతే. 412.

బిళ్ళ తీసి ఇంకోటి పెడితే చక్రం 413 కావాలి. అది వెనక్కి తిరగదు. అంటే నేను పెట్టిన రోజు నుంచి ఆ బిళ్ళని ఎవరూ ముట్టుకోలేదు.

బిళ్ళ తీసి చేతి మిషనులో పెట్టాను. తెర మీద లెక్క వచ్చింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం చూస్తూ, కాగితం మీద రాశాను. మొదటిది ఏడు కాదు, మూడు. రెండోది క కాదు. మూడోది, నాలుగోది, ఏదీ కాదు. అరవై నాలుగింటిలో కలిసినవి నాలుగే. అవి కూడా గాలివాటున కలిసినవి. ఆలస్యాన్ని రోజుకి మూడేసి చొప్పున వెనక్కి లెక్కేస్తే పెట్టిన రోజుకే చేరుతుంది, అంటే లోపలికి వెళ్ళేటప్పటికే ఇది చెడింది. ఏ ఉప్పు తగిలో, నకలు తీసేటప్పుడో, బిళ్ళ మూలశాల దాటకముందో దాటాకో పాడైపోయి ఉండాలి. ఎవరి పాపమూ లేకుండా కూడా బిళ్ళలు పాడవుతాయి. అలాంటివి పట్టుకోవడానికే ఆ లెక్క, ఆ లెక్క చదవడానికే నేను.

జుబేదా నా భుజం మీంచి చూసింది.

"నేను నీ పాట ఇంటా కాయితం సూసేను వొదినా. తెర నీ పని గదా."

"నా పనే."

"మరి నువ్వేటి సూసేవు?"

"వాడి మొహం చూశాను," అన్నాను.

తల తీసేసినట్టయింది. ఆ రోజు తెర మీద అరవై తప్పులు నిలబడి ఉంటే, నేను వాటి పక్కన నిలబడి, అమ్మ నేర్పిన పాట గొంతెత్తి పాడాను. కళ్ళు మూసుకుని పాడినా అంతే పాడేదాన్ని. ఒక మనిషి గుటక కనిపెట్టాను గానీ మూరెడు దూరంలో ఉన్న తెర చూడలేదు.

తాతారావు బాబాయికి కబురు పెట్టాను. వచ్చి అంతా విన్నాడు. గుమ్మం బయటికి ఓసారి తొంగి చూసి తలుపు దగ్గరగా వేశాడు.

"రత్నం, రేపు పోటు. ఇయ్యాళ నువ్విది బయటెడితే జనం గేట్లు తిప్పుతారా, నీతో గొడవడతారా?"

"చెప్పకపోతే ఎలా బాబాయ్?"

"సూడమ్మా. ఒక దొంగున్నాడంటే ఊరు నిద్రపోద్ది. లెక్కే తప్పంటే ఇంకెవడు నిద్రపోతాడు? ముప్పై ఏళ్ళు మీ అమ్మ పాట, నీ పాట నమ్ముకుని మంచినీళ్ళు తాగేరు." గొంతు తగ్గించాడు. "ఆ బిళ్ళ ఇంకోసారి లోపలికి తొయ్యి. నాలుగొందల పదమూడు అవుద్ది. అయిపోయింది. పుస్తకంలో ఏం మార్చక్కర్లేదు."

నిజంగా అంతే. వేలితో ఒక్క తోపు. టిక్కుమని చిన్న చప్పుడు, సూరిబాబు శాశ్వతంగా దొంగ. నేను ఆలోచించలేదని రాస్తే అది అబద్ధం. ఆలోచించాను. బిళ్ళ నా రెండు వేళ్ళ మధ్య ఉంది, సాకెట్టు ఎదురుగా ఉంది. అమ్మదీ నాదీ ముప్పై ఒక్క ఏళ్ళ పరువు ఒక పక్క. ఇవాళ్టితో మూడు రోజుల నీళ్ళు అయిపోయే మనిషి ఒక పక్క.

బిళ్ళ బొడ్లో దోపుకున్నాను. మూత పెట్టి మరలు బిగించి, నీళ్ళ డబ్బాలు రెండు ఎత్తుకుని బయటికి నడిచాను. జుబేదా తెడ్డు తీసుకుంది.

సూరిబాబు తెరచాప నీడలో ఒరిగి కూర్చున్నాడు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. నీళ్ళు నిన్న మధ్యాహ్నమే అయిపోయాయట. డబ్బా అందించాను.

"మీటింగెట్టి ఇమ్మన్నారా?" అన్నాడు.

"లేదు. నేనే తెచ్చాను."

"అయితే నీకూ ఆపేత్తారక్కా."

అంటూనే తాగాడు. సగం డబ్బా అయ్యేదాకా దించలేదు. అప్పుడు చెప్పాను. 412 గురించి, తెర గురించి, నేను ఎటు చూస్తూ పాడానో దాని గురించి. అంతా విని సముద్రం వైపు తిరిగాడు.

"గాలి కలిసొచ్చిందని ఎందుకు అబద్ధం చెప్పావు?" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చి కూడా నేను ప్రశ్నలే వేస్తున్నాను.

"ఏం సెప్పమంటావు? పాత బిళ్ళ ఆగిపోద్దేమోనని బయమేసి ఎదురుగాల్లో రేయింబవళ్ళు తెడ్డేసేను. ఆకరి రెండ్రోజులు తిండి లేదు. అదంతా సెప్తే ఎక్కువ నీళ్ళు అడగడానికి ఏడుత్తున్నాడంటారు."

గుటక సంగతి అడగలేదు. ఆ పూట కట్టంతా పులుసు వాసన.

"క్షమించరా," అన్నాను.

"నాకు సెప్తే సరిపోద్దా అక్కా? నా పిల్ల ఆళ్ళ మద్దెన తిరుగుతుంది. మూడ్రోజుల్నించీ దాన్ని ఏమంటన్నారో నాకు ఇక్కడికి ఇనపడదనుకున్నావా? ఆళ్ళకి సెప్పు. పాడమాకు. సదువు."

నమోదు 7230. అమావాస్య.

గేట్లు చేత్తో మూశాం. నలభై రెండు మంది, చేతులు బొబ్బలెక్కాయి. పోటు నీళ్ళు గేటు పైఅంచుకి జానెడు కిందిదాకా వచ్చి ఆగాయి. మడుగు దక్కింది. ఉప్పు నాలుగు గీతలు. తాగితే నోరు చప్పరించుకోవాలి గానీ తాగొచ్చు.

పోటు తీశాక మీటింగు పెట్టమన్నాను. తాతారావు బాబాయ్ నా కళ్ళలోకి చూడలేదు. సూరిబాబుని గేటు లోపలికి రానివ్వాలన్నాను. రానిచ్చారు.

జుబేదా కాగితం పట్టుకుంది. నేను చేతి మిషను తెర ముందు పెట్టుకుని, వేలు పెట్టి చదివాను. "మూడు. ఛ. ఒకటి. ఎనిమిది. ఎనిమిది." జనం నవ్వుతూ పాట అందుకోబోయి ఆగిపోయారు. బాణీకి ఏదీ కుదరలేదు. ఒక్కో అక్షరం దగ్గర జుబేదా "కాదు" అంది. "కాదు. కాదు. కాదు." ఎక్కడో పన్నెండో అక్షరం దగ్గర "సరి" అంది, మళ్ళీ "కాదు" అంది. నేను ఆపలేదు. అరవై నాలుగూ చదివాను. తర్వాత 412 సంగతి చెప్పాను.

సూరిబాబుకి నీళ్ళు తిరిగి ఇవ్వడానికి చేతులు ఎత్తమన్నాడు తాతారావు బాబాయ్. ఎత్తారు, ఒక్కొక్కరుగా, పక్కవాళ్ళ వైపు చూస్తూ. ఏకాదశి నాడు లేచినంత చురుగ్గా లేవలేదు. కానీ చాలినన్ని లేచాయి.

"ఇంకోటి ఉంది," అన్నాను. "దొంగ వేషం కట్టలోకి తెచ్చినవాళ్ళకి నీళ్ళు ఆపాలి. పడవలో తెచ్చింది వాడు. గుమ్మం దాటించింది నా నోరు. నాకు ఆపాలన్నవాళ్ళు చెయ్యి ఎత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. "నువ్వు లేకపోతే మాకు లెక్కెవరు పాడతారమ్మా?" అంది ఎవరో ముసలావిడ. చదివింది విన్నాక కూడా ఆ మాట అంది. సూరిబాబు నేల చూస్తూ, "నాకు మాత్రం లెక్కెట్టక్కర్లేకుండా లేచినియ్," అన్నాడు. గట్టిగా అనలేదు, అయినా అందరికీ వినబడింది.

నా చెయ్యి నేనే ఎత్తాను. ఇంకెవరిదైనా లేస్తుందేమోనని చాలాసేపు అలాగే ఉంచాను. ఒక్క చేతికి ఎవరికీ నీళ్ళు ఆగవు. తాతారావు బాబాయ్ మీటింగు అయిపోయిందన్నాడు.

నమోదు 7232. శుద్ధ విదియ.

పొద్దున మడుగు నీళ్ళు రుచి చూశాను. నాలుగు గీతలే. గేట్లు చేత్తోనే.

కొత్త బిళ్ళ కోసం సూరిబాబే మళ్ళీ మూలశాలకి బయల్దేరాడు. అంతదూరం దారి తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. నిన్న వాళ్ళింటికి వెళ్ళి, నిన్ను వెళ్ళమనే మొహం నాకు లేదన్నాను.

"నీకోసం కాదులే. మా పాప తాగేది కూడా ఆ నీళ్ళే," అన్నాడు.

జెండా మళ్ళీ ఎక్కించారు. ఇకమీద లెక్క ఇద్దరు చదవాలి, ఇద్దరు రాయాలి, ఎవరూ పాడకూడదు. ఇది నేనే అడిగి రాయించాను.

సాగనంపడానికి నలుగురూ వచ్చారు. పడవ తాడు విప్పబోతుంటే తాతారావు బాబాయ్, "సూరీ, ఓపాలి ఆ సంచి ఇప్పరా. ఏమనుకోకు, ఊరికే," అన్నాడు. గట్టు మీద అందరూ ఏమీ విననట్టు నిలబడ్డారు. జుబేదా నా వైపు చూసింది. వద్దని నేను అనాలి. అనడానికి ఆ కట్టలో నాకంటే బాధ్యత ఉన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. నోటిదాకా వచ్చింది కూడా.

సూరిబాబు సంచి విప్పి, రెండు చేతులతో నోరు తెరిచి పట్టుకున్నాడు. రెండు చొక్కాలు, అటుకుల మూట, చేతుల బొబ్బలకి రాసుకునే నూనె సీసా. అవే ఉంటాయని నాకు తెలుసు.

అయినా ముందుకు వంగి చూశాను.